చచ్చిన రాజు తిరిగొచ్చాడా?

ప్రశ్న: చనిపోయిన రాజుని నేనేనంటూ ఎవడో దిగితే జనం నమ్మేస్తారా? కన్నకూతురైనా గుర్తుపట్టదా? నిజంగా ఎక్కడైనా జరిగిందా? – ఒక పాఠకురాలు, తెనాలి

జవాబు: జరిగిందండీ. ఇప్పటి బెల్జియం వైపున్న ఫ్లాండర్స్‌ని ఏలే కౌంట్ (ప్రభువు) బాల్డ్విన్ క్రూసేడ్‌కి, అంటే క్రైస్తవుల మతయుద్ధానికి వెళ్లి 1204లో కాన్‌స్టాంటినోపుల్ చక్రవర్తి అయ్యాడు, మరుసటి ఏడాదే బల్గేరియన్లకు చిక్కి ఖైదులో పోయాడు. శవాన్ని సొంతవాళ్లెవరూ చూడలేదు, చిక్కంతా అక్కడే వచ్చింది. 1225లో అడవిలో ఉండే ఒక సన్యాసి నేనే బాల్డ్విన్‌నన్నాడు. అప్పటికి ఫ్లాండర్స్‌ని ఏలుతున్నది అతని కూతురు జాన్. తండ్రి వెళ్లేనాటికి పసిపిల్ల, ఆమెకి ముఖమేం గుర్తుంటుంది చెప్పండి! అయినా ఆమె నమ్మలేదు. ఆమె పాలన గిట్టని ప్రభువులు, కరువుతో అల్లాడుతున్న జనం మాత్రం అతన్ని నెత్తిన పెట్టుకున్నారు. చివరికి ఫ్రాన్స్ రాజు ఎనిమిదో లూయీ పెరోన్ అనే ఊరికి పిలిపించి, నిన్ను నైట్‌గా (బిరుదు పొందిన యోధుడిగా) చేసిందెక్కడ, నీ పెళ్లెక్కడ, మా నాన్నకి విధేయుడిగా ప్రమాణం చేసిందెక్కడ అని అడిగితే నీళ్లు నమిలాడు. రాత్రికి రాత్రే ఉడాయించాడు. తర్వాత దొరికాడు, పేరు బెర్ట్రాండ్ అని తేలింది, లిల్ నగరంలో ఉరి తీశారు. విచిత్రమేంటంటే, ఆ తర్వాత కూడా కొందరు కూతురే తండ్రిని చంపించిందని చెప్పుకున్నారు.