మూలన కూర్చున్న ఆ ఆపరేటర్ గురించి

నాయనా,

నీ స్క్రిప్ట్ ఆరు ఎపిసోడ్లూ చదివేశాను. తిరుపతికి ఇంత దగ్గర్లో, గాదంకి రాడార్ కేంద్రంలో 1024 యాంటెన్నాలు వరసలుగా నిలబడి రాత్రీ పగలూ పైగాలుల్ని కనిపెడుతుంటే, వాటికి ఎక్కడినుంచో అంతుపట్టని సిగ్నల్ తగలడం అనే ఆలోచన నీకు తట్టినందుకు నిజంగా సంతోషపడ్డాను. సైంటిస్టు, ఢిల్లీ నుంచి దిగే అధికారి, వాళ్లిద్దరి పంతాలు, అన్నీ బాగా కుదిరాయి, వాటి జోలికి పోను. నేను రాస్తున్నది ఇంకొకరి గురించి. కంట్రోల్ రూమ్‌లో మూలన కూర్చుని, అప్పుడప్పుడూ "సార్, సిగ్నల్ వస్తోంది" అని చెప్పి మాయమయ్యే అమ్మాయి ఉంది చూడు, ఆమె గురించి. ఆమెకు నువ్వు పేరు కూడా పెట్టలేదు, 'ఆపరేటర్' అని రాసి వదిలేశావు. నీ కథ మొత్తం ఆమె దగ్గరే ఉందని నాకు గట్టిగా అనిపిస్తోంది.

స్టార్ ట్రెక్ చూశానన్నావు కదా, అంతరిక్ష ఓడలో తిరిగేవాళ్ల కథలతో వచ్చిన ఆ అమెరికన్ టీవీ సీరియళ్లు, వాటిలోంచే చెప్తాను. 1966లో మొదలైన మొదటి సీరియల్‌లో కమ్యూనికేషన్స్ ఆఫీసర్ ఉహూరా, వేసింది నిషెల్ నికోల్స్. మూడు సీజన్లు నడిచినా ఆమె మొదటి పేరేంటో అందులో ఒక్కసారీ వినపడదు. ఆ రోజుల్లో అమెరికా టీవీలో ఒక నల్లజాతి స్త్రీ ఓడ నడిపేవాళ్ల మధ్య ఆఫీసర్‌గా కూర్చోవడమే పెద్ద సంగతి. మొదటి సీజన్ అయ్యాక మానేద్దామనుకుంటే మార్టిన్ లూథర్ కింగ్ స్వయంగా వద్దన్నారని నికోల్సే చెప్పారు. ఆమెను చూసి పెరిగిన మే జెమిసన్ అనే నల్లజాతి అమ్మాయి 1992లో నిజంగానే అంతరిక్షానికి వెళ్లొచ్చింది. ఇదంతా గొప్పదే, కాదనను. కానీ రచన వైపు నుంచి చూస్తే ప్రాణం ఉసూరుమంటుంది, ఎందుకంటే ఆ పాత్రలో ఎంత ఉందో వాళ్లకు తెలుసు, తెలిసీ వదిలేశారు.

ఒక ఎపిసోడ్‌లో ఓడ ఇరుక్కుపోయి బయటితో సంబంధం తెగిపోతుంది. ఉహూరా తన ప్యానెల్ విప్పుకుని లోపల తీగలు కలుపుతూ, ఇలాంటి పని చేసి ఏళ్లయింది, కొంచెం తేడా వచ్చినా మొత్తం కాలిపోతుంది అంటుంది. పక్కనే ఉన్న పై ఆఫీసర్ స్పాక్, మెచ్చుకోలు అంత తేలిగ్గా నోట రాని మనిషి, దీనికి నీకన్నా తగినవాళ్లు నాకు తోచడం లేదంటాడు. చిన్న సీను, అయినా అక్కడ అర్థమవుతుంది, ఆమె ఫోనెత్తి అందించే మనిషి కాదు, ఆ యంత్రం కడుపులో చెయ్యి పెట్టగలిగిన ఇంజనీరు. ఇంకోచోట ఒక యంత్రం ఆమె జ్ఞాపకాలన్నీ తుడిచేస్తుంది. చదవడం మళ్లీ మొదటినుంచి నేర్పిస్తుంటే, మాట తడబడి చిరాకు రాగానే ఆమె తన ఆఫ్రికన్ మాతృభాష స్వాహిలీలోకి వెళ్లిపోతుంది. ఆమెకూ ఒక ఇల్లు, ఒక బాల్యం ఉన్నాయని అక్కడే మనకు గుర్తొస్తుంది. ఎపిసోడ్ చివర డాక్టర్ వచ్చి, కాలేజీ చదువుల దాకా వచ్చేసింది అని ఒక ముక్క చెప్తాడు, ఇక ఆ సంగతి మళ్లీ ఎత్తరు. బతుకంతా తుడిచిపెట్టుకుపోయిన మనిషి డ్యూటీకొచ్చి మళ్లీ అదే సీట్లో కూర్చున్న మొదటి రోజు ఎలా గడిచి ఉంటుంది? నేనైతే ఆ ఒక్క రోజు మీదే ఒక ఎపిసోడ్ రాసేవాణ్ణి.

ఇప్పుడు స్టార్ ట్రెక్‌లోనే ఇంకో చిన్న పాత్ర, ఓబ్రయన్ సంగతి చూడు. ప్రతివారం గ్రహాల మీద ఓడ దించే సీన్లు తీయాలంటే ఖర్చు తడిసి మోపెడవుతుందని మొదటి సీరియల్ వాళ్లు ట్రాన్స్‌పోర్టర్ అనే ఉపాయం పట్టారు, మనిషిని ఇక్కడ మాయం చేసి అక్కడ తేల్చే యంత్రం. యంత్రం ఉంటే దాన్ని నడపడానికి ఒకడు కావాలి కదా, 1987లో మొదలైన ఇంకో సీరియల్‌లో ఆ ఒకడు ఇతను. కోమ్ మీనీ వేశాడు. మొదటి ఎపిసోడ్‌లో పేరే లేదు, రెండో సీజన్‌లో ఇంటిపేరు దక్కింది. కెప్టెన్ పంపమంటే పంపడం, అంతే పని. 1991లో ఒక ఎపిసోడ్ వచ్చింది. ఇతని పాత కెప్టెన్ ఒకాయన అదుపు తప్పి కార్డాసియన్లనే గ్రహాంతర జాతి ఓడల మీద దాడులు చేస్తున్నాడు, ఆయన్ను పట్టుకోవాలి. అప్పుడు బయటపడుతుంది, మన ఓబ్రయన్ ఒకప్పుడు వాళ్లతో యుద్ధంలో ఉన్నవాడని. ఆ మాట భార్యకో స్నేహితుడికో చెప్పుకోడు, బార్‌లో ఎదురుగా కూర్చున్న ఒక కార్డాసియన్‌కే చెప్తాడు. చిన్నప్పుడు దోమను కొట్టాలన్నా ఆలోచించేవాడు, ఆ యుద్ధంలో మొదటిసారి ఒక మనిషిని చంపాడు, తనకు కోపం కార్డాసియన్ల మీద కాదు, వాళ్ల వల్ల తానేమైపోయాడో దాని మీద. తర్వాత అసలు చిక్కు విడిపోయేది కూడా ఇతని పనితనంతోనే, ఎందుకంటే ఆ పాత ఓడ రక్షణ కవచంలో రెప్పపాటుకన్నా తక్కువసేపు సందు దొరుకుతుందని ఇతనికే తెలుసు, అందులోంచి ఒక్కడే అవతలికి వెళ్తాడు. పని, గతం రెండూ ఒకే చోట ముడిపడ్డాయి. 1993లో కొత్త సీరియల్ మొదలైతే ఇతను ముఖ్యపాత్రల్లో ఒకడయ్యాడు.

నీ అమ్మాయికి కూడా ఇలాంటి ముడి పడాలి. దయచేసి ఫ్లాష్‌బ్యాక్ పెట్టొద్దు, తాగుబోతు నాన్న, చెల్లెలి పెళ్లి అప్పు, అవేవీ వద్దు. ఆమె పనిలోంచి మొదలుపెట్టు. వానపడ్డ మర్నాడు చెప్పులు చేత్తో పట్టుకుని యాంటెన్నాల మధ్య బురదలో తిరిగేది ఆమే అనుకో, ఏ వరసలో ఎలుకలు కేబుల్ కొరికాయో, ఆ కేబుల్ చెడితే తెర మీద ఎలాంటి గీత పడుతుందో ఆమెకు తెలుసు. నాలుగో ఎపిసోడ్‌లో సైంటిస్టు ఆ సిగ్నల్‌ని కేబుల్ తేడా అని కొట్టిపారేస్తాడు కదా, ఆ గదిలో అది తేడా కాదని చెప్పగలిగింది ఆమె ఒక్కతే. మరి ఎందుకు చెప్పదు? కాంట్రాక్టు ఉద్యోగం కావచ్చు. ఇదివరకెప్పుడో ఒకసారి చెప్పి నలుగురిలో మాటపడి ఉండొచ్చు. నువ్వు తేల్చుకో, కానీ ఆమె నోటితో మాత్రం చెప్పించకు. చిత్తూరు అవతల సరిహద్దు ఊరి పిల్లగా పెట్టు, ఇంట్లో తమిళం, ఆఫీసులో తెలుగు, సార్లతో ఇంగ్లీషు. అమ్మతో ఫోన్‌లో ఆమె గలగలా మాట్లాడటం ఒక్కసారి వినిపిస్తే చాలు, కంట్రోల్ రూమ్‌లో ఆమె మౌనం ఎంత బరువైందో చూసేవాళ్లకు అర్థమవుతుంది.

పేరు కూడా పెట్టు, కానీ పేరు పెట్టేసి పని అయిపోయిందనుకోకు.

నాలుగో ఎపిసోడ్ ఒక్కటీ ఆమె కుర్చీలోంచి మళ్లీ రాయి, తక్కినవి ఇప్పుడే కదిలించకు. వచ్చే ఆదివారం పొద్దున ఇంటికి రా. ప్రింట్ తీసుకురా, స్పైరల్ బైండింగ్ మాత్రం చేయించొద్దు, విడి కాగితాలైతే సీన్లు అటూ ఇటూ మార్చి చూసుకోవచ్చు.

మీ పెదనాన్న లాంటివాణ్ణే,
తిరుపతి నుంచి