అత్తగారి పెట్టెలో 46 వెండి రూపాయలు: బరువు లెక్కన ఇచ్చేయాలా?

ప్రశ్న: మా అత్తగారు పోయాక ఆవిడ పెట్టెలో 46 వెండి రూపాయలు దొరికాయి. 1862 అని ఉన్నవి 9, ఆ తర్వాతి విక్టోరియా రాణివి 14, మిగిలినవి జార్జి రాజువి. వాటిలో ఒకటి 1911ది. రెండింటికి కొక్కీలు అతికించి ఉన్నాయి. పట్నం బజారులో ఒక షాపువాళ్ళు బరువు లెక్కన తీసుకుంటామన్నారు. వీడియోల్లో మాత్రం ఒక్కోటి లక్షలంటున్నారు. ఫోన్‌లో ఒకతను రిజిస్ట్రేషన్ కింద 2,500 కడితే కొంటామన్నాడు. జూలైలో మా అబ్బాయి ఇంజినీరింగ్ ఫీజు కట్టాలి. ఏం చేయమంటారు?
– ఒక పాఠకురాలు, బ్రాడీపేట, గుంటూరు

జవాబు: ముందు ఆ 2,500 కట్టకండి. పాత నాణేలు కొంటామంటూ చార్జీలు, కమిషన్లు, పన్నులు అడిగేవాళ్ళను నమ్మవద్దని రిజర్వ్ బ్యాంకు 2021 ఆగస్టులోనే హెచ్చరించింది. ఆ వ్యాపారంతో తమకు సంబంధం లేదని, తమ పేరుతో వసూలు చేసే అధికారం ఎవరికీ ఇవ్వలేదని స్పష్టంగా చెప్పింది. నిజంగా కొనేవాళ్ళు మీకు డబ్బిస్తారు, మీ దగ్గర అడగరు.

ఇక మీ పెట్టె సంగతి. అందులో ఎక్కువ భాగం వెండి, కొద్ది భాగం అరుదైన సరుకు అయి ఉండే అవకాశం ఎక్కువ. రెండింటినీ విడదీయకుండా అమ్మితే అరుదైనవి కూడా వెండి ధరకే పోతాయి.

వెండి లెక్క సులభం. 1835 నుంచి 1939 దాకా వచ్చిన బ్రిటిష్ ఇండియా రూపాయి బరువు ఒక తులం, అంటే 11.66 గ్రాములు. అందులో 91.7 శాతం, సుమారు 10.69 గ్రాములు, అచ్చమైన వెండి. గ్రాము 100 రూపాయలనుకుంటే ఒక్కో నాణెంలో 1,069 రూపాయల వెండి ఉన్నట్టు. మీరు అమ్మే రోజు రేటుతో ఇలాగే లెక్క వేసుకుని వెళ్ళండి. పాత వెండి కదా అని టచ్ (వెండి స్వచ్ఛత శాతం) బాగా తగ్గించి, పైన తరుగు కూడా తీస్తామంటే ఇంకో షాపులో అడగండి. జార్జి రూపాయల్లో 1940 నుంచి 1945 వరకు ఉన్నవాటిలో వెండి సగమే, కాబట్టి వాటిని పక్కన పెట్టి విడిగా తూయించండి. 1947 రూపాయలైతే నికెల్‌వి, అయస్కాంతానికి అంటుకుంటాయి.

పాతదైతే ఖరీదు ఎక్కువన్న నమ్మకం మాత్రం వదులుకోండి. మన ప్రాంతాన్ని ఏలిన శాతవాహనుల సీసపు నాణేలు పద్దెనిమిది వందల ఏళ్ళ నాటివైనా, మామూలు రకాలు కొన్ని వందల రూపాయలకే దొరుకుతాయి. ఇప్పుడు ఎన్ని మిగిలాయి, ఎంతమంది కావాలంటున్నారు, ఎంత అరగకుండా ఉంది అన్నవే ధరను తేలుస్తాయి.

జార్జి రూపాయలనే చూడండి. మొదటి ప్రపంచ యుద్ధంలో ఇక్కడ వెండికి కటకట వచ్చింది. 1918లో అమెరికా పిట్‌మన్ చట్టం చేసి, 25 కోట్లకు పైగా వెండి డాలర్లను కరిగించి ఆ వెండిని భారత్ కోసం బ్రిటన్‌కు అమ్మింది. దాంతో ఇక్కడ రూపాయలు కోట్లలో అచ్చయ్యాయి. అందుకే 1918, 1919 రూపాయలు ఎక్కడ చూసినా కనిపిస్తాయి, వాటికి వెండి ధర మీద వచ్చేది తక్కువే. మీ 1911 రూపాయి కథ వేరు. రాజుగారి దుస్తుల మీది ఏనుగు పందిలా కనిపిస్తోందని గొడవ రావడంతో దాన్ని ఆపేశారు. సుమారు 94 లక్షలు ముద్రిస్తే బయటికి వచ్చినవి 7 లక్షలే, మిగిలినవి కరిగించేశారు. అసలుదై, బాగా ఉంటే మామూలు జార్జి రూపాయికి కొన్ని రెట్లు పలుకుతుంది.

మీ 1862 రూపాయలను కూడా తొందరపడి ఇవ్వకండి. అదే తేదీ వేసి 1874 దాకా ముద్రించారు. తేదీ కింద ఉండే చిన్న చుక్కలను బట్టి వాటిలో రకాలున్నాయి, కొన్ని రకాలు అరుదు. భూతద్దంతో చూసి రాసుకోండి. 1939 తేదీతో రూపాయి కనిపిస్తే సంతోషించే ముందు అనుమానించండి. అసలుది లక్షల్లో పలుకుతుంది కాబట్టే నకిలీలు చాలా తిరుగుతున్నాయి. ఇక హనుమంతుడు, రామపట్టాభిషేకం బొమ్మలతో 1818 అని ఉన్న ‘ఈస్టిండియా కంపెనీ’ బిళ్ళలు అసలు నాణేలే కావు.

నేను మరీ మరీ చెప్పేది ఒకటుంది: వాటిని తోమకండి. వరలక్ష్మీ వ్రతానికో దీపావళికో చింతపండు, విభూతి, పళ్ళపొడి పెట్టి తళతళలాడించడం మన ఇళ్ళలో మామూలే. ఆ తోముడుకి రాణి జుట్టు పాయలు, రాజు కిరీటంలో ముత్యాలు అరిగిపోతాయి, పైన సన్నటి గీతలు పడతాయి. సేకరించేవాళ్ళు నాణెం చేతిలోకి తీసుకోగానే చూసేది అవే. నల్లబడితే నల్లగానే ఉండనివ్వండి. కొక్కీ అతికించిన రెండింటికీ ఇక వెండి ధరే. కొక్కీ ఊడదీయించినా మచ్చ పోదు.

ఫీజు దగ్గరికి వద్దాం. ప్రతి నాణేన్నీ రెండు వైపులా ఫోటో తీసి, సంవత్సరం, బరువు రాసి పెట్టుకోండి. 1911ది, 1862వి, అరుగుదల లేనివి పక్కన పెట్టి కనీసం ఇద్దరు నాణేల వ్యాపారులకు చూపించండి. విజయవాడలో సరైనవాళ్ళు దొరక్కపోతే హైదరాబాద్‌లో నాణేల ప్రదర్శన జరిగినప్పుడు తీసుకెళ్ళండి. వేలానికి ఇస్తే కమిషన్ పోతుంది, డబ్బు చేతికి రావడానికి నెలలు పట్టవచ్చు. కాబట్టి వాటిని ఫీజు లెక్కలో వేసుకోకండి. జూలైకి అరిగిపోయిన మామూలు రూపాయలు, కొక్కీలవి, సగం వెండివి అమ్మండి. పిల్లవాడి చదువు కోసం అమ్మడంలో బాధపడాల్సింది లేదు. వెండి ధర బాగా ఉన్న రోజుల్లో అలాంటి నాణేలకు సేకరించేవాళ్ళు అదనంగా ఇచ్చేది ఎలాగూ పెద్దగా ఉండదు. పూజకు రెండు మూడు ఉంచుకోండి.

పూజలో పెట్టినవి కాబట్టి పన్ను ఉండదని కొందరంటారు. లక్ష్మీపూజలో వాడినా వెండి రూపాయలు పన్ను లేని సొంత వాడకపు వస్తువుల కిందికి రావని 1976లోనే సుప్రీంకోర్టు తేల్చింది. వారసత్వంగా వచ్చినవి కాబట్టి అత్తగారి దగ్గర ఉన్న కాలం కూడా లెక్కలోకి వచ్చి, ఇది దీర్ఘకాలిక లాభం అవుతుంది. ఆ లాభం మీద 12.5 శాతం పన్ను పడుతుంది, కొన్న ధరగా 2001 ఏప్రిల్ 1 నాటి విలువ చూపించుకోవచ్చు. మీ ఆదాయాన్ని బట్టి పన్ను పడకపోనూ వచ్చు. బిల్లు తీసుకుని, డబ్బు బ్యాంకు ఖాతాకు వేయించుకుని, రిటర్న్ వేసేటప్పుడు ఆడిటర్‌కు చూపించండి.