నాయన ఊళ్లో లేడని కొడుకుని హాస్టల్‌కు పంపాలా?

ప్రశ్న: మేడమ్, మాది చిత్తూరు. ఐటీఐ చదివాను. మామిడి గుజ్జు ఫ్యాక్టరీల్లో మెషిన్లు బిగించడం, రిపేర్లు చేయడం నా పని. నెలలో ఇరవై రోజులు క్రిష్ణగిరి, వల్సాడ్, రత్నగిరి అని తిరుగుతూనే ఉంటాను. మావాడు పదో తరగతి. ఇంటర్ ఎంపీసీకి విజయవాడలో రెసిడెన్షియల్ ఐఐటీ బ్యాచ్‌లో వేద్దామని నేను, చిత్తూరులోనో తిరుపతిలోనో డే స్కాలర్‌గా చాలని వాళ్లమ్మ. ఆమె మాట వాడు వినడు. వాడి చదువులో నేను చెప్పేదేం లేదు. రోజూ ఫోన్ చేసినా ‘ఊ’, ‘ఆ’, ‘సరే నాయనా’ తప్ప మాట్లాడడు. రెండింటిలో ఏది మంచిదో పోల్చి చెప్పండి.

జవాబు: కాలేజీల సంగతి కాసేపు పక్కన పెడదాం అన్నా. మీ ఉత్తరంలో నేను ఆగిపోయింది చివరి నుంచి రెండో వాక్యం దగ్గర. ‘సరే నాయనా’ దగ్గర.

ఈ ప్రశ్న నాకు కొత్త కాదు. లారీ నడిపేవాళ్లు, కువైట్‌లో ఉన్నవాళ్లు, మందుల కంపెనీ రిప్రజెంటేటివ్‌లు, మిలిటరీవాళ్లు, అందరూ కాలేజీ పేరే అడుగుతారు. లోపల ఉన్న ప్రశ్న వేరే: ‘నేను పక్కన లేను, పిల్లోడు చేజారిపోతున్నాడా?’ ఆ భయానికి హాస్టల్ మందులా కనిపిస్తుంది. తెల్లారుజామున లేపేవాడొకడు, రాత్రి పది దాకా కూర్చోబెట్టేవాడొకడు ఉంటే మన బరువు ఎవరో మోస్తున్నట్టు నిమ్మళంగా ఉంటుంది. ఆ నిమ్మళం మీకు సరే, వాడికో?

మొన్నామధ్య ఒకామె కొడుకుని తీసుకుని తిరుపతి బాలాజీ కాలనీలో మా గదికి వచ్చింది. మాట్లాడుతుండగా వాళ్లాయన ఫోన్. స్పీకర్ పెట్టింది. ఆయన ఏ ఊళ్లో ఉన్నాడో, వెనకాల రైలు అనౌన్స్‌మెంట్ వినపడుతోంది. మొదటి మాట, ‘వీక్లీ టెస్టులో ఎంత?’ రెండో మాట, ‘ఫస్టు వచ్చినోడికి ఎంత?’ మూడో మాట, ‘సెల్లు చూస్తా కూర్చున్నావా?’ పిల్లాడు ఫైలు మీద అంటించిన ధర స్టిక్కరును బొటనవేలి గోరుతో గీకుతున్నాడు. ఫోన్ పెట్టేసేసరికి స్టిక్కరు మొత్తం ఊడొచ్చింది. కాల్ నిమిషంన్నర ఉంటుందేమో. ‘ఎక్కడున్నా రోజూ తప్పకుండా చేస్తారు మేడమ్’ అని ఆమె గొప్పగా చెప్పింది.

కోపం తెచ్చుకోకుండా నిన్న మీరు చేసిన కాల్ గుర్తు చేసుకోండి. మార్కులు, ఫీజు, సెల్లు, ఈ మూడూ తీసేస్తే ఏం మిగిలింది? ‘ఊ’తో సరిపోయే ప్రశ్న అడిగి, ‘ఊ’ అన్నాడని బాధపడితే ఎట్లా? ఇంకోటి. వాళ్లమ్మ మాట వాడు వినడంటున్నారు. కాలేజీ విషయంలో ఆమె చెప్పింది మీరు విన్నారా? పిల్లలు చూసేది అదే.

ఇక హాస్టల్. ‘నేనెలాగూ ఇంట్లో ఉండను, వాడెక్కడుంటే ఏం’ అనుకుంటారు చాలామంది. ఈ లెక్కలో ఒక పొరపాటుంది. మీ పనికి వేళాపాళా లేదు. సీజన్లో బాయిలరో, గుజ్జు తీసే పల్పరో ఆగిందంటే అది మళ్లీ తిరిగేదాకా మీకు అన్నం కూడా గుర్తుండదు. ఏ రాత్రి పదకొండుకో చేతులు కడుక్కుని ఫోన్ తీస్తారు. వాడు ఇంట్లో ఉంటే అప్పటికి మేలుకునే ఉండొచ్చు. పడుకున్నా పొద్దున మీ వాయిస్ మెసేజ్ విని, కాలేజీకి పోతూ జవాబు పెడతాడు. రెసిడెన్షియల్‌లో పిల్లల దగ్గర ఫోన్ ఉండదు. ఆదివారం వరుసలో నిలబడితే వార్డెన్ ఫోన్లో నాలుగు నిమిషాలు. ఆ నాలుగు నిమిషాలప్పుడు మీరు వల్సాడ్ రైల్లో సిగ్నల్ లేకుండా ఉంటే, మళ్లీ వారం. ఔటింగ్ ఇచ్చిన రోజు మీరు చిత్తూరులో ఉంటారని ఏముంది? ఊళ్లు తిరిగే తండ్రికి ఇంట్లో ఉన్న కొడుకే దొరుకుతాడు. ఇది నాకు తలకెక్కడానికి చాలా ఏళ్లు పట్టింది. మొదట్లో ‘నాయన బయట ఉంటాడు కాబట్టి హాస్టలే మేలు’ అని నేనూ చెప్పి పంపినదాన్నే.

ఐఐటీ బ్యాచ్ అనే మాట వింటేనే నాకు ఒళ్లు మండుతుంది. ఆరో తరగతి పిల్లల బ్యాగుల మీద కూడా ఆ మూడక్షరాలు అచ్చేస్తున్నారు. శ్రీకాళహస్తి బస్సెక్కితే దారిలో ఏర్పేడు దగ్గర మన తిరుపతి ఐఐటీ. 2015లో మొదలైంది. ఊరి పక్కనే ఉంది కదా, సీటు కూడా దగ్గర్లోనే ఉందనుకుంటున్నారు జనం. ఏటా పది లక్షల మందికి పైగా జేఈఈ మెయిన్ రాస్తారు. వాళ్లలో రెండున్నర లక్షల మందిని ఐఐటీ సీట్లు తేల్చే రెండో పరీక్షకు, అడ్వాన్స్‌డ్‌కు రానిస్తారు. దేశంలోని 23 ఐఐటీల్లో కలిపి సీట్లు 18 వేలకు అటూఇటూ. తెలివైన పిల్లలు కూడా మిగిలిపోతారు, అందులో వింతేం లేదు. దానికి చదవొద్దని నేననను. కానీ వందల మందిని చేర్చుకుని, రెండు నెలలు తిరక్కుండా ర్యాంకుల ప్రకారం సెక్షన్లు విడగొట్టి, పై సెక్షన్‌కు చేయి తిరిగిన లెక్చరర్లను, కింది సెక్షన్‌కు నిన్నగాక మొన్న చేరినవాళ్లను ఇచ్చే చోట్లు చూశాను. ఫీజు మాత్రం అందరికీ ఒకటే. సెక్షన్ మార్చిన రోజు పిల్లాడు ఎవరితో చెప్పుకుంటాడు? ఆదివారం వరుసలో వెనకాల పదిమంది నిలబడి ఉండగా చెప్పుకునే సంగతా అది? సీటు తీసుకునే ముందు ‘మావాడు కింది సెక్షన్లో పడితే పాఠం ఎవరు చెప్తారు’ అని అడిగి, ఎదురుగా కూర్చున్న పీఆర్వో మొహం చూడండి.

వాడి చదువులో మీరు చెప్పేదేం లేదన్నారు. ఫ్యాక్టరీ ల్యాబులో గుజ్జు బ్రిక్స్, అంటే తీపి ఎంతుందో చూసే రిఫ్రాక్టోమీటర్ ఉంటుంది కదా, చేత్తో పట్టుకునేది. ఒక చుక్క వేసి, మూత దించి, వెలుతురు వైపు తిప్పి చూస్తే నీలం, తెలుపు కలిసే గీత తోతాపురి మామిడికి 14, 15 దగ్గర ఆగుతుంది. ఆ గీతను ఫోటో తీసి వాడికి పంపండి. పదో తరగతి సైన్సులో కాంతి వక్రీభవనం పాఠం ఉంది. ‘తీపి ఎక్కువైతే గీత పైకి ఎందుకు పోతాదిరా, నాకు చెప్పు’ అని అడగండి. మీకు తెలిసినా తెలియనట్టే అడగండి. గుజ్జును వంద డిగ్రీలు దాటించి, వెంటనే చల్లార్చి, గాలి తగలకుండా అసెప్టిక్ (క్రిములు లేని) బ్యాగులో నింపి 215 కిలోల డ్రమ్ము కట్టడం మీకు రోజూ ఉండేదే. వాడికది ఉష్ణం, పీడనం, సూక్ష్మజీవులు అన్నీ ఒకేచోట కనిపించే పాఠం. దీని మీద బీటెక్ ఫుడ్ టెక్నాలజీ కూడా ఉంది. మన వ్యవసాయ విశ్వవిద్యాలయానికి బాపట్లలో, పులివెందులలో కాలేజీలున్నాయి. ఎంపీసీ అంటే కంప్యూటర్సే అనుకునే ఇళ్లలో ఆ పేరే వినపడదు.

మా నాయన రైల్వేలో గూడ్స్ గార్డు (2022 నుంచి ట్రైన్ మేనేజర్ అంటున్నారు, మాకు గార్డే). రేణిగుంటలో బండెక్కితే ఎప్పుడొస్తాడో ఆయనకే తెలియదు. వచ్చాక టిఫిన్ క్యారియర్ గిన్నెలు విప్పుతూ పాకాలలో బండి ఎంతసేపు నిలబడిందో, ఎక్కడ బర్రె పట్టాల మీదికొచ్చిందో చెప్పేవాడు. నా మార్కులు అడిగినట్టు గుర్తు లేదు. లెక్కల్లో తప్పిన సంగతి ముందు ఆయనకే చెప్పాను. అమ్మకు నాలుగు రోజుల తర్వాత.

మీరడిగిన పోలిక రెండు ముక్కల్లో చెప్తాను. డే స్కాలర్ అయితే చిత్తూరులోనే చూడండి. తిరుపతికి 70 కిలోమీటర్లు, రోజూ రానూపోనూ మూడు నాలుగు గంటలు బస్సుల్లో పోతే వాడికి చదివే ఓపిక మిగలదు. రెసిడెన్షియల్ నప్పే పిల్లలూ ఉన్నారు, తమంతట తామే పోతామని అడిగినవాళ్లు. మీ ఉత్తరంలో వాడేమంటున్నాడో ఒక్క ముక్క లేదు. అడిగారా? వాడే పోతానంటే మళ్లీ రాయండి, నా జవాబు మారొచ్చు. ఆ ‘ఊ’ గురించి మరీ బెంగపడకండి. పదిహేనేళ్ల మగపిల్లలు ఇంట్లో ఉండే నాయనలతోనూ అంతే మాట్లాడతారు. ఫోన్ ఎత్తుతున్నాడు, ‘నాయనా’ అంటున్నాడు. తెగిపోయిందేమీ లేదు.

ఒకటి మాత్రం ఇప్పుడే రాసి పెట్టుకోండి. రెండేళ్ల తర్వాత ఏప్రిల్‌లో మెయిన్ రెండో విడత, మేలో అడ్వాన్స్‌డ్, జూన్, జూలైల్లో కౌన్సెలింగ్ ఉంటాయి. మీకేమో ఏప్రిల్, మే నెలలు రత్నగిరి సీజన్, జూన్, జూలై మన తోతాపురి సీజన్. సరిగ్గా మీరు దొరకని నాలుగు నెలలు. ఓబీసీ, ఈడబ్ల్యూఎస్ సర్టిఫికెట్లు ఆ ఏడాది ఏప్రిల్ 1 నుంచి ఇచ్చినవే అడుగుతారు కాబట్టి, వాటిలో ఏదైనా మీకు వర్తిస్తే ముందే చేయించి బీరువాలో పెట్టి వెళ్లడం కుదరదు. వార్డు సచివాలయంలో ఎవరిని కలవాలో, ఏ కాగితం ఏ ఫైల్లో ఉందో వాళ్లమ్మకు తెలిసి ఉండాలి. ఓటీపీ మీ ఫోన్‌కు వచ్చి, మీరు బాయిలర్ కింద పడుకుని ఉంటే ఆప్షన్ల గడువు మీకోసం ఆగదు. అప్లికేషన్లో ఆమె నంబరే ఇవ్వండి.