ట్రెజరర్ ఆఫీసు నుంచి ఉత్తరం వస్తే చింపేయకండి

మూడేళ్ల కిందట షికాగో శివారు షాంబర్గ్ వచ్చిన ఒక తమ్ముడు మొన్న ఫోన్ చేశాడు. "అన్నా, ఇల్లినాయ్ స్టేట్ ట్రెజరర్ అంటూ ఉత్తరం వచ్చింది. నా పేరు మీద వాళ్ల దగ్గర డబ్బుందట. మోసమే కదా, చింపేస్తున్నా" అన్నాడు. అతని అనుమానం మంచిదే. ఐఆర్‌ఎస్ (ఇక్కడి పన్నుల శాఖ) అనీ ఇమిగ్రేషన్ అనీ బెదిరించి గిఫ్ట్ కార్డులు కొనిపించేవాళ్లకి మనవాళ్లు ఎంతోమంది చిక్కారు. అయినా ఆగమన్నాను, ఎందుకంటే ఈ ఆఫీసు నిజంగానే ఉత్తరాలు రాస్తుంది.

మనకి ట్రెజరీ అంటే నాన్నగారి పెన్షను, లైఫ్ సర్టిఫికెట్ గుర్తొస్తాయి. ఇల్లినాయ్‌లో ట్రెజరర్‌ని నాలుగేళ్లకోసారి ప్రజలే ఎన్నుకుంటారు. రాష్ట్రం సొమ్ము భద్రపరచడం, మదుపు పెట్టడం ఆ పదవిలో ఉన్నవారి పని. బిల్లులకి చెక్కు రాసేది మాత్రం కంప్ట్రోలర్ అనే ఇంకొకరు. ఆ కంప్ట్రోలర్ పదవి వెనక ఒక దొంగతనం ఉంది. 1956లో ఆర్విల్ హాడ్జ్ అనే రాష్ట్ర ఆడిటర్ పది లక్షల డాలర్లకి పైగా కాజేశాడని బయటపడి జైలుకెళ్లాడు. 1970లో వచ్చిన కొత్త రాష్ట్ర రాజ్యాంగం ఆడిటర్ పదవినే ఎత్తేసి కంప్ట్రోలర్‌ని పెట్టింది.

నేను 1999లో దిగేసరికి ట్రెజరర్ జూడీ బార్ టోపింకా. చెక్, స్లోవాక్ దేశాల నుంచి వలస వచ్చిన కుటుంబాల మనవరాలు. షికాగో పక్కనే రివర్‌సైడ్ ఆవిడ ఊరు. నార్త్‌వెస్టర్న్‌లో జర్నలిజం చదివి, శివారు పత్రికల్లో విలేకరిగా పనిచేసి, 1980 ఎన్నికల్లో గెలిచి రాష్ట్ర ప్రతినిధుల సభకి వెళ్లారు. తర్వాత పదేళ్లు రాష్ట్ర సెనేట్‌లో ఉన్నారు. 1994లో ట్రెజరర్‌గా గెలిచారు. ఇల్లినాయ్‌లో ఆ పదవికి వచ్చిన మొదటి మహిళ ఆవిడే. వరసగా మూడుసార్లు గెలిచి పన్నెండేళ్లు చేశారు. 2006లో గవర్నర్ పదవికి పోటీ చేసి రాడ్ బ్లాగోయెవిచ్ చేతిలో ఓడిపోయారు. అంతటితో ఇంట్లో కూర్చోలేదు, 2010లో కంప్ట్రోలర్‌గా తిరిగొచ్చారు. పౌరసత్వం వచ్చాక నేను వేసిన మొదటి ఓటు ఆ ఎన్నికలోదే. నాకు నచ్చిన సంగతి ఒకటి చెప్పాలి. ట్రెజరర్, కంప్ట్రోలర్ ఆఫీసులు రెండూ కలిపేస్తే ఖర్చు తగ్గుతుందని, తను కూర్చున్న కుర్చీ పోతుందని తెలిసీ ఆవిడే వాదించారు. 2014 నవంబరులో మళ్లీ గెలిచి, డిసెంబరు 10న కన్నుమూశారు.

ఇంత ఎందుకు చెప్తున్నానంటే, మనలాంటివాళ్లకి పనికొచ్చే రెండు సంగతులు ఆవిడ హయాంలోనే ఆ ఆఫీసుకి చేరాయి. ఒకటి పిల్లల చదువుకి దాచుకునే బ్రైట్ స్టార్ట్ పథకం, 2000లో మొదలైంది. రెండోది ఎవరూ అడగని సొమ్ము. ఇక్కడివాళ్లు అన్‌క్లెయిమ్డ్ ప్రాపర్టీ అంటారు.

మీరు ఉద్యోగం మారారు, చివరి జీతం చెక్కు పాత చిరునామాకి పోయింది. లేదా మర్చిపోయిన బ్యాంకు ఖాతాలో కొంత మిగిలింది. ఆ సంస్థలు దాన్ని ఎల్లకాలం ఉంచుకోకూడదు. జీతమైతే ఏడాది, బ్యాంకు ఖాతా అయితే మూడేళ్లు మీ జాడ లేకపోతే ట్రెజరర్‌కి అప్పగించాలి. మన దేశంలో బ్యాంకు డిపాజిట్లకి ఈ గడువు పదేళ్లు. ఇల్లినాయ్‌లో ఆ సొమ్ము అడగడానికి గడువంటూ లేదు, ఇండియా వెళ్లిపోయాక కూడా అడగొచ్చు. నా మొదటి అపార్ట్‌మెంట్ డిపాజిట్ 385 డాలర్లు ఇలాగే వెళ్లి, ఆరేళ్ల తర్వాత నా చేతికొచ్చింది.

అన్నిటికన్నా జాగ్రత్తగా చూడాల్సింది మన పేర్లు. ఇక్కడి కంప్యూటర్లలో మన ఇంటిపేరు ఒకసారి ముందు, ఒకసారి వెనక పడుతుంది. పాస్‌పోర్టులో రెండు పేర్లూ ఒకే గడిలో ఉన్నవాళ్లకి మొదటి పేరు చోట ఎఫ్‌ఎన్‌యూ, అంటే మొదటి పేరు తెలియదు అని పడుతుంది. వెంకట సత్యనారాయణ లాంటి పేరు సగంలో తెగిపోతుంది. అందుకని ఈ సొమ్ము వెతకడానికి ట్రెజరర్ ఆఫీసు నడిపే ఐ-క్యాష్ సైట్‌లో పేరు తిరగేసి వెతకండి, పెళ్లికి ముందు ఇంటిపేరుతో వెతకండి, మొదటి నాలుగక్షరాలతోనూ వెతకండి. ఇంతకుముందు వేరే రాష్ట్రంలో ఉండి ఉంటే అక్కడా చూడండి. ఆఫీసు పేరు మాత్రం మారుతుంది: కాలిఫోర్నియాలో కంట్రోలర్, టెక్సస్‌లో కంప్ట్రోలర్. టెక్సస్ 1996లో ట్రెజరర్ పదవినే రద్దు చేసింది.

అడగడానికి పైసా కట్టక్కర్లేదు. ముందు ఫీజు పంపమన్నా, గిఫ్ట్ కార్డు అడిగినా ఫోన్ పెట్టేయండి. ఉత్తరంలోని లింకు నొక్కకుండా, సైటు మీరే తెరిచి చూసుకోండి.

అక్కలకీ చెల్లెళ్లకీ ప్రత్యేకంగా ఒక మాట. బ్యాంకు లాకర్‌లో నగలు పెట్టి ఊరు మారతారు, అద్దె కోసుకునే ఖాతా మూసేస్తారు. ఏళ్ల తరబడి అద్దె అందకపోతే బ్యాంకు లాకర్ తెరిపిస్తుంది, అందులోవి ట్రెజరర్ ఖజానాకి వెళ్తాయి. చాలాకాలం ఎవరూ రాకపోతే వేలం వేస్తారు. డబ్బు మీ పేరునే ఉంటుంది కానీ అమ్మమ్మ ఇచ్చిన కాసులపేరు మళ్లీ రాదు. సైనికుల పతకాలు మాత్రం వేలం వెయ్యరు, వారసుల్ని వెతికి ఇస్తారు. ఆ లాకర్‌కి ఇంకొకరి పేరు జతచేయించండి, చిరునామా మార్చినప్పుడల్లా బ్యాంకుకి చెప్పండి.

బ్రైట్ స్టార్ట్ గురించి క్లుప్తంగా. హెచ్1బీ మీద ఉన్నా, సోషల్ సెక్యూరిటీ నంబరు ఉంటే తెరవొచ్చు. దంపతులు కలిసి ఏడాదికి 20,000 డాలర్ల వరకు కడితే రాష్ట్ర ఆదాయపు పన్నులో మినహాయింపు ఉంది. మొత్తం 20,000 కడితే, రాష్ట్రం పన్ను రేటు 4.95 శాతం లెక్కన 990 డాలర్లు మిగులుతాయి. అయితే చదువుకి కాకుండా తీస్తే లాభం మీద పన్నుతో పాటు పది శాతం జరిమానా ఉంటుంది. మినహాయింపు కూడా రాష్ట్రం వెనక్కి తీసుకుంటుంది. రెండు మూడేళ్లలో తిరిగి వెళ్లే ఆలోచనుంటే నేనైతే తొందరపడొద్దంటాను.

తమ్ముడి సంగతి. పేరు మామూలుగా కొడితే ఏమీ రాలేదు. ఇంటిపేరు ముందు పెట్టి కొట్టమన్నాను. అతను మొదట పనిచేసిన చోట ఆఖరి వారం జీతం, 612 డాలర్లు, అక్కడ ఉంది.