మాస్టర్ సిలిండర్ ఇంట్లోనే మార్చుకుంటే మిగిలేదెంత?

ప్రశ్న: మాది గుంటూరు. ప్రైవేటు స్కూల్లో టీచర్ని, జీతం 32 వేలు. మాకు 2012 మోడల్ మారుతి వ్యాగన్ఆర్ ఉంది. బ్రేక్ తొక్కి పట్టుకుంటే పెడల్ మెల్లగా కిందికి దిగిపోతోంది. పెడల్ నొక్కుడుని ఆయిల్ ఒత్తిడిగా మార్చి చక్రాల బ్రేకులకు పంపే మాస్టర్ సిలిండర్ పోయిందన్నారు. సర్వీస్ సెంటర్లో అన్నీ కలిపి 7,400 అవుతుందని, కావాలంటే కార్డు మీద ఈఎంఐ పెట్టుకోమని చెప్పారు. పార్టు నేనే తెచ్చిస్తే 1,200 లేబర్‌కి చేస్తానని తెలిసిన మెకానిక్ అన్నాడు. పార్టు ధర 3,100. వీడియోలు చూశాను, విప్పాల్సినవి నాలుగైదు నట్లే. ఇంట్లో నేనే మార్చుకుంటే 4 వేలు మిగులుతాయి కదా? ఖాతాలో 11 వేలున్నాయి. పాప ఫీజు కోసం నెలకు 2 వేల చొప్పున ఎనిమిది నెలలుగా ఆర్‌డీ (రికరింగ్ డిపాజిట్) కడుతున్నాను. దాన్ని కదపాల్సి వస్తుందా?

జవాబు: మిగిలేది 4 వేలు కాదండీ. మీరు 7,400 లోంచి 3,100 తీసేశారు. సర్వీస్ సెంటర్‌కి మీరు ఎలాగూ వెళ్లడం లేదు కాబట్టి ఆ రేటుతో పోలిక అనవసరం. పోల్చాల్సింది మీ మెకానిక్‌తో. ఆయన చేసినా మీరు చేసినా పార్టు అదే, బ్రేక్ ఆయిల్ అదే. తేడా అంతా ఆ 1,200 లేబర్ దగ్గరే ఉంది.

అందులోంచి పనిముట్ల ఖర్చు తీసేయండి. బ్రేక్ పైపుల నట్లు మెత్తగా ఉంటాయి, ఇంత పాత బండిలో బిగుసుకుపోయి కూడా ఉంటాయి. మామూలు పానా వేస్తే అంచులు అరిగి గుండ్రంగా అయిపోతాయి. దానికి ఫ్లేర్ నట్ పానా అని వేరే ఉంటుంది. నాలుగు చక్రాల దగ్గరా ఎయిర్ (బ్రేక్ పైపుల్లో చేరిన గాలి) తీయాలి కాబట్టి బండిని లేపి కింద స్టాండ్లు పెట్టాలి, జాకీని నమ్మి కిందికి దూరకూడదు. ఇవి రెండూ, ఎయిర్ తీయడానికి ఒక ట్యూబూ కొంటే సుమారు 2 వేలు. అంటే మొదటిసారి మీ చేత్తో చేసుకుంటే ఆ మెకానిక్ కంటే ఎక్కువే అవుతుంది. పనిముట్లు ఇంట్లో ఉండి, ఇదివరకు బ్రేకుల పని చేసిన చెయ్యి అయితే నేనే చేసుకోమనేవాణ్ని. మీరు వీడియోలు చూశానని మాత్రమే రాశారు.

పని చెడితే అయ్యే ఖర్చు కూడా ఉంది. కొత్త సిలిండర్‌ని బండికి బిగించే ముందే బయట పెట్టి, ఆయిల్ పోసి లోపలి గాలి తీసేయాలి. ఆ పని వదిలేస్తే తర్వాత ఎంత సేపు పంప్ చేసినా పెడల్ స్పాంజిలానే ఉండిపోవచ్చు. నట్టు పాడైతే పైపు మార్చాలి. బ్రేక్ ఆయిల్ పెయింట్ మీద పడి వెంటనే కడగకపోతే పెయింట్ లేచిపోతుంది. పెడల్ స్పాంజిలా ఉండిపోయినా, నట్టు పాడైనా బండి కదపకూడదు, టోయింగ్ బండిని పిలవాలి. ఆ ఒక్క ట్రిప్పుకే మీరు మిగిల్చిన లేబర్ చెల్లు.

అసలు పోయింది మాస్టర్ సిలిండరేనా? 3,100 పెట్టే ముందు ఇది తేల్చుకోండి. బండి కదలకుండా ఉంచి, ఇంజిన్ ఆన్ చేసి పెడల్ నొక్కి పట్టుకోండి. ఒకే ఒత్తిడితో పట్టుకున్నా దిగిపోతూ, బ్రేక్ ఆయిల్ డబ్బాలో మట్టం తగ్గకుండా, చక్రాల లోపలి వైపు ఎక్కడా తడి లేకుండా ఉంటే సిలిండర్ లోపలి రబ్బరు సీళ్లు పోయినట్టే. ఆయిల్ తగ్గుతోందంటే చక్రం దగ్గరుండే వీల్ సిలిండరో పైపో కారుతుండొచ్చు. ఒకసారి నొక్కితే కిందికి పోయి, వెంటనే రెండోసారి నొక్కితే పైన నిలబడితే లైన్లో గాలి ఉండొచ్చు, లేదా వెనక డ్రమ్ముల్లో బ్రేక్ షూలు సెట్ చేయాల్సి ఉండొచ్చు. ఈ రెండింటికీ కొత్త పార్టు అక్కర్లేదు.

సిలిండర్ పోయిందని తేలితే కొందరు కిట్ వేయిస్తే సరిపోతుందంటారు. అందులో రబ్బర్లే మారతాయి. సిలిండర్ లోపలి గోడ గీతలు పడి ఉంటే కొత్త రబ్బర్లూ నిలవవు, లేబర్ రెండోసారి కట్టాలి. ఇంత పాత బండికి నేనైతే పూర్తి సిలిండరే కొంటాను. విజయవాడ ఆటోనగర్‌లో దొరుకుతుంది గానీ బిల్లు లేనిది వద్దు. 2025 సెప్టెంబర్ 22 నుంచి కార్ల విడిభాగాల మీద జీఎస్టీ 28 నుంచి 18 శాతానికి తగ్గింది. పాత స్టాకు మీద పాత ధర స్టిక్కరే ఉంటే ఆ మాట అడగండి. బ్రేక్ ఆయిల్లో ఏ రకం, డాట్ 3 నా, డాట్ 4 నా అన్నది బండిలోని ఆయిల్ డబ్బా మూత మీద రాసి ఉంటుంది, అదే తీసుకోండి.

ఇక డబ్బు ఎక్కడి నుంచి తీయాలి? పార్టు, లేబర్, ఆయిల్ కలిపి 5 వేల లోపే. ఖాతాలోని 11 వేలలోంచి కట్టేయండి. ఆ డబ్బు ఉన్నది ఇలాంటి వాటికే. ఈఎంఐ వద్దు. నో కాస్ట్ అన్నా ప్రాసెసింగ్ ఫీజు, దాని మీద జీఎస్టీ వేస్తారు. కార్డు బిల్లు పూర్తిగా కట్టకపోతే నెలకు మూడు శాతం పైనే వడ్డీ. ఆర్‌డీ గురించి మీరు పడుతున్న టెన్షన్ మాత్రం అనవసరం. కదపాల్సిన పని లేదు. ఒకవేళ కదిపినా, నెలకు 2 వేల చొప్పున ఎనిమిది నెలలకు ఆరున్నర శాతం లెక్కన వచ్చే వడ్డీ మొత్తం 400 దాటదు. మధ్యలో మూసేస్తే అందులో కొంత పోతుంది, అంతే. దాన్ని కాపాడటానికి కార్డు గీకడమే దండగ.

బీమా దీనికి పైసా ఇవ్వదు. అరుగుదలకీ మెకానికల్ లోపాలకీ మోటార్ పాలసీ వర్తించదు. బండిని సరైన కండిషన్‌లో ఉంచాలన్న షరతు కూడా పాలసీలోనే ఉంటుంది. బ్రేకులు సరిగా లేవని తెలిసీ నడిపి గుద్దుకుంటే మీ సొంత క్లెయిమ్‌కి చిక్కు రావచ్చు. అందుకే పార్టు బిల్లు, లేబర్ రసీదు దాచుకోండి.

ఈ నెల ఇలా గడిచిపోయినా 2027లో మీ ఆర్‌సీకి 15 ఏళ్లు నిండుతాయి. కార్లకు రెన్యువల్ ఫీజు 2022 ఏప్రిల్ నుంచి 5 వేలు, దాని మీద గ్రీన్ ట్యాక్స్. ఫిట్‌నెస్ పరీక్షలో బ్రేకులు చూస్తారు. బీమా ప్రీమియం, టైర్లు, బ్యాటరీ కూడా వస్తూనే ఉంటాయి. జీతం పడిన రోజే వెయ్యి రూపాయలు కారు పేరుతో వేరే ఖాతాలోకి పంపేయండి. అప్పుడు పాప ఫీజు డబ్బు వైపు చూడాల్సిన అవసరం రాదు.

బండిని మెకానిక్ దగ్గరికి మీరు నడుపుకుంటూ మాత్రం వెళ్లకండి. పార్టు తెచ్చిపెట్టి ఆయన్నే ఇంటికి పిలవండి, రావడానికి ఇంకో రెండు, మూడొందలు అడిగినా ఇచ్చేయండి. పక్కనే నిలబడి చూడండి, ఎయిర్ తీసేటప్పుడు పెడల్ తొక్కడానికి ఆయనకూ ఒక మనిషి కావాలి. పని అయ్యాక ఇంజిన్ ఆన్ చేసి ఒక నిమిషం పెడల్ గట్టిగా నొక్కి పట్టుకోండి. కిందికి దిగకపోతేనే లేబర్ ఇవ్వండి.