నాటిలస్ 801 పాతబడిపోయిందా?

ప్రశ్న: బవర్స్ అండ్ విల్కిన్స్ నాటిలస్ 801 స్పీకర్లు ఒక జత, వాడినవి, అమ్మకానికి ఉన్నాయి. ఇప్పుడు 801 డీ4 కూడా వచ్చేసింది కదా, పాతవి కొనడం దండగేనా? మధ్యలో అసలు ఏం మారింది?

జవాబు: దండగ కాదు. స్పీకర్‌లో శబ్దం పుట్టించే కోన్ కదలాలి, పెట్టె కదలకూడదు. 801 కథంతా ఆ పెట్టె నోరు మూయించడానికి చేసిన ప్రయత్నమే. అందులో పెద్ద అడుగులు చాలావరకు నాటిలస్ నాటికే పడిపోయాయి.

1979లో వచ్చిన మొదటి 801లోనే గొంతుల్లాంటి మధ్యస్థాయి శబ్దాలు పలికే మిడ్‌రేంజ్‌ని, సన్నటి శబ్దాలు పలికే ట్వీటర్‌ని బాస్ (లోతైన శబ్దాల) పెట్టెలోంచి తీసి పైన విడిగా కూర్చోబెట్టారు. బాస్ అదురుకి పాడేవాళ్ల గొంతు చెదరకూడదని. మరుసటి ఏడాదే లండన్‌లోని అబ్బే రోడ్ స్టూడియో వాటిని వాడడం మొదలుపెట్టింది. తర్వాత మ్యాట్రిక్స్ మోడల్‌లో పెట్టె లోపల పలకల్ని ఒకదానిలో ఒకటి దూర్చి, తేనెపట్టులా గళ్లు కట్టారు. దాంతో పెట్టె గోడలు బిగిసిపోయాయి.

1998లో వచ్చిన నాటిలస్ 801లో ట్వీటర్ వెనక ఒక పొడవాటి గొట్టం ఉంటుంది, కొసకి పోయేకొద్దీ సన్నబడుతూ. ట్వీటర్ ముందుకి పంపినట్టే వెనక్కి కూడా శబ్దం పంపుతుంది. అది తిరిగొచ్చి ముందు శబ్దంలో కలిస్తే తాళాల చప్పుడు, 'స' అక్షరం గరుకుగా వినిపిస్తాయి. ఈ గొట్టం ఆ వెనక శబ్దాన్ని లోపలే మింగేస్తుంది. 1993లో లారెన్స్ డిక్కీ రూపొందించిన నత్తగుల్ల ఆకారపు నాటిలస్ స్పీకర్ నుంచి తీసుకున్న ఆలోచన ఇది. ఈ వరుస మొత్తంలో నాకు అన్నిటికన్నా ఇష్టమైన పని ఇదే. డీ4లో కూడా ఆ గొట్టం ఉంది.

ఆ తర్వాతివి చిన్న మార్పులని అనను. 2005లో అల్యూమినియం ట్వీటర్ స్థానంలో డైమండ్ వచ్చింది. 2015లో అందరూ గుర్తుపట్టే పసుప్పచ్చ కెవ్లార్ (గట్టి నారతో నేసిన) కోన్ పోయి కాంటినమ్ అనే మరో రకం కోన్ వచ్చింది. 2021 నాటి డీ4లో మిడ్‌రేంజ్ కోన్‌ని వెనక పట్టి ఉంచే గుడ్డ స్పైడర్‌నే తీసేశారు. గొంతులు ఇంకా తేటగా వినిపిస్తాయి, నిజమే. కానీ ఆ తేడా వినపడాలంటే మీ గది, ఆంప్లిఫయర్ రెండూ సహకరించాలి.

కాబట్టి కొనేముందు గది చూసుకోండి. నాటిలస్ 801లో బాస్‌కి ఒకే 15 అంగుళాల డ్రైవర్, అంటే శబ్దం పుట్టించే భాగం, ఉంటుంది (డీ4లో 10 అంగుళాలవి రెండు). చిన్న గదిలో మూలకి నెడితే బాస్ బుంయ్‌మంటుంది. ఆంప్లిఫయర్ ఎన్ని వాట్లన్నది తర్వాత సంగతి, 4 ఓమ్స్ లోడ్‌ని (ఓమ్స్ తగ్గేకొద్దీ ఆంప్లిఫయర్ మీద భారం పెరుగుతుంది) వేడెక్కకుండా నడపగలదో లేదో ముందు చూడండి. ట్వీటర్ డోమ్ మీద సొట్ట ఉందేమో వెలుతురులో గమనించండి. తర్వాత ఒక గొంతు మాత్రమే ఉన్న మోనో (రెండు స్పీకర్లలోనూ ఒకే శబ్దం వచ్చే) రికార్డింగ్ పెట్టి, రెండు స్పీకర్లకీ సరిగ్గా మధ్యలో కూర్చుని వినండి. గొంతు నడుమ నిలబడకుండా ఒక పక్కకి జరుగుతుంటే బ్యాలెన్స్ నాబ్ సరిచూసి, కేబుళ్లు అటూ ఇటూ మార్చి మళ్లీ వినండి. అప్పటికీ గొంతు అదే పక్కకి పోతుంటే, ఏదో ఒక డ్రైవర్ పాడయ్యుండొచ్చు. అది తేలేదాకా డబ్బు ఇవ్వకండి.