వాటర్‌షెడ్ పని మొదలుపెట్టేముందు ఊరి సమాచారం ఎలా సేకరించాలి?

మడకశిర దగ్గర ఒక ఊర్లో వాటర్‌షెడ్ ప్రాజెక్ట్ (గట్లు, చెక్‌డ్యాములు కట్టి వాన నీళ్లని ఊర్లోనే ఆపే పని) మొదలుపెడుతున్నాం, ఇంటింటి సర్వేకి ముందే ఊరి గురించి ఏమేం తెలుసుకోవాలి, అవి ఎక్కడ దొరుకుతాయి అని అడిగారు కదండి. నేను కళ్యాణదుర్గం వైపు చాలా ఏళ్లు ఇదే పని చేశా కాబట్టి నాకు తెలిసింది చెప్తాను.

ముందు కాగితాల పని ఆఫీసులో కూర్చునే చేసుకోండి, కాగితంలో ఉన్నదాన్ని మళ్లీ జనాన్ని అడిగి వాళ్ల కూలి పోగొట్టొద్దు. 2011 జనాభా లెక్కల జిల్లా హ్యాండ్‌బుక్ నెట్‌లో ఫ్రీగా దొరుకుతుంది, ఊరివారీగా జనాభా, ఎస్సీ ఎస్టీల సంఖ్య, బడి, రోడ్డు, నీళ్లు అన్నీ ఉంటాయి. ఇప్పుడు మడకశిర ఉన్న శ్రీ సత్యసాయి జిల్లా 2022 ఏప్రిల్‌లో వచ్చింది కాబట్టి మీరు అనంతపురం హ్యాండ్‌బుక్ తెరవాలి. అందులో లెక్క రెవెన్యూ గ్రామానిది, పంచాయతీ హద్దు వేరు, మీ వంకకి నీళ్లొచ్చే ఏరియా ఇంకా వేరు, మధ్యలో మజరాలు (శివారు పల్లెలు) తండాలు ఉంటాయి, ఏ అంకె దేనిదో ముందే విడగొట్టుకోండి. వర్షపాతం సగటు పాత అనంతపురం జిల్లాకి 550 మిల్లీమీటర్ల దగ్గర ఉంటుంది కానీ దాన్ని చూసి ప్లాన్ వేయొద్దు, వేరుశనగ విత్తినాక మధ్యలో ఎన్ని రోజులు ఎండబెట్టిందన్నదే రైతుకి ముఖ్యం.

తర్వాత ఊరి సచివాలయం. వీఆర్వో దగ్గర అడంగల్ (ఏ పొలంలో ఎవరు ఏ పంట వేశారో రాసేది), 1బీ (ఎవరి పేరున ఎంత భూమి ఉందో చూపేది), సర్వేయర్ దగ్గర ఎఫ్ఎంబీ (పొలం హద్దుల కొలతల పటం), ఫీల్డ్ అసిస్టెంట్ దగ్గర ఉపాధి హామీలో తవ్విన కుంటలూ చెక్‌డ్యాములూ, డ్వాక్రా సంఘాల సంగతి ఆ సంఘాల లెక్కలు చూసే వీవోఏ దగ్గర. వీళ్లందరికంటే నాకు ఎక్కువ ఉపయోగపడింది మాత్రం లైన్‌మన్, ఏ ట్రాన్స్‌ఫార్మర్ కింద ఎన్ని మోటార్లు తిరుగుతున్నాయో ఎండాకాలం ఏవి ఆగిపోతాయో ఆయనకి నోటికి వచ్చు.

కానీ ఇంత చేసినా కాగితంలో కనపడనోళ్లు ఉంటారు, ప్రాజెక్టులు దెబ్బతినేది అక్కడే అని నా గట్టి అభిప్రాయం. అడంగల్‌లో పేరు చాలాసార్లు చనిపోయిన తాతది, సేద్యం చేసేది ఇంకెవరో. 2019 పంట సాగుదారు హక్కుల చట్టం కింద ఇచ్చే కౌలు కార్డుకి పట్టాదారు సంతకం కావాలి, గడువు 11 నెలలే, భూమి పోతుందేమోనని చాలామంది ఓనర్లు సంతకం పెట్టరు, అందుకని కార్డులు లెక్కేసి కౌలు రైతులు ఇంతే అనుకోవద్దు. గట్టు వేయడానికి బెంగళూరులో ఉన్న ఓనర్ ఒప్పుకుంటాడు, ఆ సాళ్లు పోగొట్టుకునేది కౌలుకి చేసుకునే మనిషి.

ఎండిపోయిన బోర్లూ అంతే, అప్పు చేసి వేయించిన బోరు ఫెయిలైతే చాలావరకు రికార్డుల్లో కనపడదు. మేము రచ్చకట్ట ముందు ముగ్గుపిండితో ఊరి పటం వేయించేవాళ్లం, నీళ్లున్న బోరుకి గులకరాయి, ఎండినదానికి బొగ్గుముక్క. ఒక ఊర్లో మేము కాగితం చూసి వంక గీస్తుంటే చెరువు నీళ్లు పొలాలకి వదిలే నీరుగంటి పెద్దాయన "అది పాత వంకప్పా, రోడ్డేసినాక నీళ్లు ఇట్ల తిరిగిండాయి" అని ముగ్గు చెరిపి కాలితోనే కొత్త గీత గీసినాడు. ఎస్సీ కాలనీ ఆడవాళ్లు ముందు వెనకాలే నిలబడి చూస్తున్నారు, పిలిచి బొగ్గులు చేతికిస్తే ఎవరి బోరు ఎప్పుడు పోయిందో, దానికి ఏ బంగారం కుదువపెట్టారో ఒక్కొక్కటీ చెప్తూ పెట్టుకుంటూ పోయారు, చివరికి రాళ్లకంటే బొగ్గులే ఎక్కువయ్యాయి. చెక్‌డ్యామ్ ఎక్కడ కట్టాలన్నది మేము ఆ పటం మీదే మాట్లాడుకున్నాం.

వలస పోయేవాళ్ల కోసం ఉగాదికో ఊరి జాతరకో వెళ్లండి, అప్పుడే ఇళ్లకి వస్తారు, మామూలు రోజుల్లో వెళ్తే తాళాలే కనిపిస్తాయి, ఆ తాళం వేసిన ఇళ్లు కూడా ఫారంలో రాయించండి. విత్తనం ఎప్పుడేశారని నెలల్లో అడగొద్దు, మృగశిరలోనా ఆరుద్రలోనా అని కార్తెల్లో అడిగితే టక్కున చెప్తారు. మీకేం కావాలి అని మొదటిరోజే అడిగితే మీరు ఏం ఇవ్వడానికి వచ్చారో అదే చెప్తారు పాపం. పోయిన కరువులో ముందు ఏం అమ్మారు, గొర్రెలా ఎద్దులా అని అడగండి, ఎవరి పరిస్థితి ఏందో తెలుస్తుంది.

ఇంకొకటి, మడకశిర పక్కన చాలా ఇళ్లలో కన్నడ మాట్లాడతారు, టీంలో కన్నడ వచ్చిన అమ్మాయి ఒకరైనా ఉండేలా చూసుకోండి. ఫారం రెడీ అయ్యాక కావాలంటే ఇక్కడ పెట్టండి, చూసి చెప్తాను.